ముక్కుకో పోచ

గిజిగాడి మొదటి పెట్టుబడి నలభై గడ్డిపోచలు. వాటితో ఈతకొమ్మకు సగం గూడు అల్లాడు. ఆ సగం ఆడపిట్టకు నచ్చితేనే మిగతా సగం అల్లడం వాళ్ల ఆచారం.

పిట్ట వచ్చి గూట్లో దూరగానే గిజిగాడికి గుండెదడ మొదలయ్యేది. దడ పుడితే ముక్కు ఊరుకోదు, సొంత గూటి పోచల్నే పీకేవాడు. అప్పటికే రెండు పిట్టలు అలా పడిన కన్నంలోంచి జారిపడి, తిట్టుకుంటూ పోయాయి.

"పెళ్లిచూపుల్లో సొంతింటి గోడ పీకే పెళ్లికొడుకుని నిన్నొక్కణ్ణే చూశాన్రా! కదలకుండా కూర్చో," అంది పక్కకొమ్మ మీది కాకి.

"కూర్చుంటే కాళ్లు వణికి గూడు ఊయలైపోతోంది అత్తా!"

మూడోసారి గిజిగాడు వరిచేలోంచి విడిగా ఒక పోచ తెచ్చుకుని, దానికి ముడులు వేస్తూ విప్పుతూ కూర్చున్నాడు. కొత్త పిట్ట గూడంతా తొక్కి చూసింది. ఒక్క పోచ ఊడలేదు.

"ఆ ముడులేమిటి?" అంది పిట్ట.

"భయం. ముక్కుకు పనిస్తే కాస్త తగ్గుతుంది."

"చెప్పేశాడు దద్దమ్మ!" అని కాకి నెత్తి కొట్టుకుంది.

పిట్ట ఆ పోచ వంకే చూసింది. "గుడ్లు పెట్టాలంటే నాకూ చచ్చేంత భయం. అలాంటిది ఇంకోటి ఉందా?"

గిజిగాడు వరిచేను వైపు రెక్కలు విప్పాడు.