దూది చదువు

"మిక్సీ వేస్తున్నా!" అని వంటింట్లోంచి ఆవిడ కేకేసింది.

"ఆగాగు, ఇంకా పట్టుకోలేదు" అన్నాడు హాల్లోంచి భర్త. కాసేపాగి, "ఆఁ, ఇప్పుడు వెయ్యి" అన్నాడు.

ఆ ఇంట్లో మిక్సీ తిప్పాలన్నా రైలుకి ఊపినట్టు పచ్చజెండా ఊపాల్సిందే.

మిక్సీ గుర్రుమంది. ఆవిడ తొంగి చూసింది. ఆయన సోఫా పక్కన నేల మీద చతికిలబడి, దూదిని రెండు చేతులా గుండెకి అదుముకుని ఉన్నాడు. తెల్లటి కుక్క, పేరుకి తగ్గట్టే ఉంటుంది. ఆయన పట్టులో దాని ఒళ్లంతా ఊగిపోతోంది.

"చూశావా, పిచ్చిది ఎలా వణుకుతోందో! ఆపెయ్, ఆపెయ్!"

"ఆపితే ఇంకెప్పటికి అలవాటవుతుందండీ? నోట్లో ముక్క పెట్టండి."

ఆయన బిస్కెట్టు ముక్క పెట్టాడు. దూది తోకాడిస్తూ తినేసింది.

ఆయన ఫైరింజన్ డ్రైవరు. ఊళ్లో గోదాము తగలబడి, కాపలావాడి పిల్లలు లోపలే చిక్కుకుపోయిన నాటి నుంచి సెలవులో ఉన్నాడు. ఊరికే కూర్చుంటే మనిషి తుప్పు పడతాడని, ఆవిడే వెళ్లి అనాథ కుక్కల షెడ్డులో వెతికి వెతికి దీన్ని తెచ్చింది. ఆ రోజు నుంచీ ఇల్లు ఇల్లులా లేదు. దూదికి గుండె ఆగిపోతుందని కాలింగ్ బెల్ వైరు ఆయనే పీకేశాడు. కుక్కర్ అటకెక్కింది. పైవాళ్లు కుర్చీ జరిపితే చాలు, కుక్కని చంకనేసుకుని బాత్రూంలో దూరేవాడు. ఇంటికొచ్చిన చుట్టాలు తలుపు గోకాల్సి వచ్చేది. కుక్క పేరు చెప్పి సొంతింట్లో దొంగల్లా బతికారు.

అలా ఎన్నాళ్లు నడిచేదో గానీ, కూతురు ఫోన్ చేసింది. ఆమె కాన్పు సెలవు అయిపోతోంది. ఆఫీసుకి వెళ్తూ తన పసిపాపని పగలంతా వీళ్ల దగ్గర వదలాలి.

"నా కూతురి గొంతుకి మైకు అక్కర్లేదమ్మా. అది అందుకుంటే మీ దూది దడుచుకుని మీద పడితే? దాని సంగతి ముందు తేల్చండి. లేదంటే పాపని డే కేర్‌లో వేసుకుంటాను."

ఆ పూట ఆయన అన్నం కెలికి వదిలేశాడు. మనవరాలంటే ప్రాణం. దూదన్నా ప్రాణమే.

"పోనీ, షెడ్డుకి తిరిగిచ్చేద్దామా?" అంది ఆవిడ మెల్లగా.

ఆయన చివాలున తలెత్తాడు. "భయపడ్డంత మాత్రాన ఎవరైనా వదిలేసుకుంటారా?"

ఆవిడకి కళ్లలో నీళ్లు తిరిగాయి. కంచం తీసేసింది.

మర్నాడు కుక్కలకి శిక్షణ ఇచ్చే అమ్మాయికి ఫోన్ చేసింది. అపార్ట్‌మెంటులో అందరూ ఆ పిల్లని కుక్కల పంతులమ్మ అంటారు. పంతులమ్మ ఫోన్లోనే పాఠం చెప్పింది. చప్పుళ్లన్నీ రికార్డు చేయాలి. ముందు చిన్నగా వినిపించి, రోజురోజుకీ పెంచాలి. వినిపించినప్పుడల్లా తినడానికేదైనా పెట్టాలి.

"అసలు సంగతి పట్టుకునే మనిషిలో ఉందటండీ" అని ఆవిడ ఒత్తి మరీ చెప్పింది. "ఊపిరి నిదానంగా పీల్చి వదలాలట. మనం బెదిరితే అదీ బెదురుతుందట."

"దాని కోసం ఆ మాత్రం చేయలేనా?" అన్నాడు ఆయన.

చేశాడు. కేకేసి చెప్పి మిక్సీ వేయడం, దూదికి ముక్క పెట్టడం అప్పుడే మొదలయ్యాయి. ఫోన్‌ని దిండు కింద పెట్టి కాలింగ్ బెల్ మోగించారు. తర్వాత దిండు తీసేశారు. కుక్కర్ అటక దిగింది. మొదటి కూతకి ఆయన చొక్కా తడిసిపోయింది. అయినా దూది వీపు నిమురుతూ, "ఏం లేదమ్మా, ఆవిరి... ఆవిరంతే" అని పదే పదే చెప్పాడు. బెల్ వైరు తనే మళ్లీ బిగించాడు. ఒకరోజు ఆవిడ చెప్పకుండానే మిక్సీ వేసేస్తే, హాల్లోంచి ఒకటే సంబరం.

"చూశావా! నా శిష్యురాలు గుర్రుపెట్టి నిద్రపోతోంది!"

ఇక మిగిలింది పసిపిల్ల ఏడుపు. దాని దగ్గర మాత్రం ఆయన జారుకునేవాడు. ఇవాళ దూదికి ఒంట్లో బాలేదనేవాడు. రేపు చూద్దాం అనేవాడు. ఆ రేపు రాకుండానే పాప వచ్చే రోజు దగ్గరపడింది. కూతురు ఒకటే ఫోన్లు. ఆవిడకి కాలు ఒకచోట నిలవలేదు. చివరికి పంతులమ్మనే ఇంటికి పిలిపించింది.

పంతులమ్మ దూది చుట్టూ తిరిగి చూసింది. తన ఫోన్ తీసి పసిపిల్ల ఏడుపు రికార్డింగు పెట్టింది. గుక్క తిప్పుకోని ఏడుపు.

ఆయన మొహం పాలిపోయింది. దూది వీపు మీద చెయ్యి ఆగిపోయింది. దూది తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. లేచి పారిపోతాడేమోనని ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

ఆయన కళ్లు మూసుకున్నాడు. ఊపిరి పీల్చాడు, వదిలాడు. మళ్లీ పీల్చాడు. చెయ్యి కదిలింది.

"ఏం లేదమ్మా, పాప ఏడుస్తోందంతే" అన్నాడు. "ఎత్తుకుంటే ఊరుకుంటుంది."

దూది తల మళ్లీ ఆయన మోకాలి మీదికి వాలింది. ఏడుపు అయిపోయేదాకా ఇద్దరూ కదల్లేదు.

"అమ్మాయికి ఫోన్ చెయ్యి, పిల్లని తెమ్మను" అన్నాడు ఆయన లేస్తూ. చాన్నాళ్ల తర్వాత నవ్వాడు. దూది మెడకి గొలుసు తగిలించి, షికారుకి తీసుకెళ్లాడు.

లిఫ్టు తలుపు మూసుకుంది. పంతులమ్మ మాత్రం అక్కడే నిలబడి నసిగింది.

"ఆంటీ, దూది విషయంలో నాకో అనుమానం..."

ఆవిడ ఆ అమ్మాయి చేతులు రెండూ పట్టేసుకుంది.

"అది పుట్టుకతోనే చెవిటిదని తెలిసే తెచ్చుకున్నానమ్మా, నీకు దణ్ణం పెడతాను, ఆ సంగతి మా ఆయనకి మాత్రం తెలియనివ్వకు."