అద్దం చెప్పిన సాక్ష్యం

“ఇదేటి? కళ్లు తెరిచి చూడు!”

రమణమూర్తి చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచి, ఆపి ఉన్న టీవీ అద్దం ముందు పెట్టాడు. ముంజేతి మీది వెంట్రుకలు ఒక్కసారి లేచి నిలబడ్డాయి.

“నేను పెట్టనేదు నాన్నా. ఒట్టు,” అంది సత్యశ్రీ.

“ఒట్లు నా దగ్గర చెల్లవు. టీవీ నడిస్తే లోపల్నించి ఎలక్ట్రాన్లు వచ్చి అద్దానికి కొడతాయి. ఆపేశాక కూడా ఆ విద్యుదావేశం కాసేపు అద్దం మీదే ఉంటుంది. నువ్వు అబద్ధం ఆడొచ్చు, మీ అమ్మ ఆడొచ్చు. ఆవేశం ఆడదు.”

“ఏటండీ, రోజూ పిల్లని ఇలా నిలబెట్టి అడుగుతారు?” అంది దుర్గ గుమ్మంలోంచి. “నేనూ ఇంట్లోనే ఉన్నాను కదా. ఎవరూ పెట్టనేదు.”

“నువ్వు వెనకేసుకు రాకు.”

నర్సీపట్నంలో ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ అంటే రమణమూర్తి మాస్టారే. రోలుగుంట నుంచి కూడా ఆయన ట్యూషన్‌కి వస్తారు. అలాంటి మనిషి కూతురికి అర్ధ సంవత్సర పరీక్షలో ఫిజిక్స్‌లో నలభై దాటలేదు. ఆయన తల ఎక్కడ పెట్టుకోవాలి? దీపావళికి కేబుల్ పెట్టించింది తన వార్తల కోసమే అయినా, తప్పు దాని మీదికీ, కూతురి మీదికీ తోసేశాడు. వానలు వెనకబట్టి, కొయ్యూరు కొండల మీంచి పొడిగాలి మొదలైన దగ్గర్నించీ ఇంట్లో ఇదే రభస.

సాయంత్రం అయిదయితే చాలు, సత్యశ్రీకి కాలు నిలిచేది కాదు. పుస్తకంలో ఒకే లైను పదిసార్లు చదివేది. గేటు దాకా వెళ్లి వచ్చేది. టీవీ ప్లగ్గు ఊడదీసే ఉందో లేదో రెండుసార్లు చూసుకునేది. దుర్గకి ఇంకో హడావిడి. ఆయన వచ్చేసరికి ఎక్కడా దుమ్ము కనిపించకూడదు. స్కూటర్ చప్పుడు వినపడేలోపు కుర్చీలూ, బల్లా, టీవీ, పుస్తకాల అల్మరా గబగబా తుడిచేసేది. తర్వాత ఆయన రావడం, చెయ్యి పెట్టడం, వెంట్రుకలు లేవడం.

తల్లీకూతుళ్లకి ఒకరి మీద ఒకరికి అనుమానం మొదలైంది. ఇద్దరూ పైకి అనలేదు.

ఆదివారం పొద్దున్న వరండాలో ట్యూషన్. రమణమూర్తి గాజు కడ్డీ తీశాడు. ఈ ప్రయోగం కోసమే దీపావళికి ముందు దుర్గ తన పాత సిల్కు చీర చెంగు రెండుగా చింపి, ఒక ముక్క ఆయనకిచ్చింది. దానితో కడ్డీని రుద్ది కాగితం ముక్కల దగ్గర పెట్టాడు. అవి ఎగిరి అతుక్కున్నాయి.

“వానాకాలంలో ఇది సరిగా పనిచెయ్యదు. ఇప్పుడు చూశారా? రుద్దితే గాజు పరమాణువుల్లోని ఎలక్ట్రాన్లు కొన్ని గుడ్డలోకి పోతాయి. కేంద్రకంలోని ప్రోటాన్లు కదలవు. సత్యా, ఇప్పుడు గాజు మీద ఏ ఆవేశం?”

“ధనావేశం.”

“తెలుసన్నమాట! బుర్ర ఉంది, బుద్ధే లేదు,” అన్నాడు, పిల్లలందరి ముందూ. “విను. ఇంకొక్కసారి నా వెంట్రుక లేచిందా, విశాఖపట్నం హాస్టలే. పరీక్షలయ్యేదాకా ఇంటి మొహం చూడవు.”

సత్యశ్రీ అమ్మని వదిలి ఒక్క రాత్రి కూడా ఉండలేదు. పక్క ఊరి పెళ్లికి వెళ్లినా చీకటి పడేలోపు ఇల్లు చేరాలి.

సోమవారం సాయంత్రం నాలుగున్నరకే టీవీ ఎదురుగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. అయిదుంపావుకి పాలవాడు కేకేస్తే గిన్నె పట్టుకుని గేటు దాకా వెళ్లింది. తిరిగొచ్చేసరికి అమ్మ ఆ గదిలోంచి గబగబా వంటింట్లోకి పోతోంది. అయితే టీవీ పెట్టేది అమ్మే, అనుకుంది సత్యశ్రీ.

అయిదున్నరకి స్కూటర్ ఆగింది. చొక్కా చెయ్యి మడిచాడు. వెంట్రుకలు లేచాయి.

“సెప్పు. ఇప్పుడేటంటావు?”

సత్యశ్రీ అమ్మ వంక చూసింది. రోజంతా నాలుగు గోడల మధ్య ఉండే మనిషి కాసేపు ఓ సీరియల్ చూసుకుంటే తప్పేమిటి అనిపించింది. నాన్నకి తెలిస్తే అమ్మని బతకనివ్వడు.

“నేనే పెట్టాను నాన్నా.”

“చూశావా దుర్గా? సైన్సు అబద్ధం ఆడదు!”

దుర్గ, ఇన్నాళ్లూ కూతురు తన ముందు కూడా అబద్ధమాడిందన్న బాధతో ఆ రాత్రంతా గోడవైపు తిరిగి పడుకుంది. ఆయన మాత్రం టీవీ వైరు కత్తిరించి, ప్లగ్గు తన బ్యాగులో వేసుకున్నాడు.

బుధవారం తెల్లారి విశాఖపట్నం బస్సు. సత్యశ్రీ కిటికీలోంచి అమ్మ చెయ్యి పట్టుకుని, “నువ్వు బేగి తినీ అమ్మా, నాన్న కోసం ఆగిపోకు,” అంది. దుర్గ తల తిప్పుకుంది. కూతుర్ని హాస్టల్లో దింపి, మర్నాడు ఆయన అటునుంచి అటే కాలేజీకి వెళ్లాడు.

అయిదున్నరకి ఇల్లు చేరాడు. తలుపు తీసే ఉంది. పుస్తకం ముందు ఎవరూ లేరు. “పెట్టనేదు నాన్నా” అనేవాళ్లూ లేరు. అలవాటు కొద్దీ చొక్కా చెయ్యి మడిచి అద్దం ముందు పెట్టాడు.

వెంట్రుకలు లేచి నిలబడ్డాయి.

వంగి చూశాడు. తెగిన వైరు గోడవార అలాగే పడి ఉంది. బ్యాగులో చెయ్యి పెట్టాడు. ప్లగ్గు ఉంది.

“దుర్గా!” ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

దుర్గ వంటింట్లోంచి కంగారుగా వచ్చింది. “ఏటండీ? దుమ్మేటైనా ఉండిపోయిందా? మీరు వస్తారని ఇప్పుడే అద్దం గట్టిగా రుద్ది తుడిసేనండీ, రోజూ తుడిసినట్టే,” అంటూ చేతిలోని గుడ్డ చూపించింది.

అది ఆ సిల్కు చెంగులో రెండో ముక్క.