మిగిలిన మూడు

“నాకు పెద్దమ్మే జడ వేయాలి,” అంటూ పాప దువ్వెన లాక్కుని పక్కగదిలోకి పరిగెత్తింది.

చిన్నకోడలు చేతిలోని రిబ్బన్లు మంచం మీదికి విసిరేసింది. ఐదేళ్లుగా ఇదే వరస. అన్నం పెద్దమ్మ కలపాలి, నిద్ర పెద్దమ్మ పుచ్చాలి. ఇద్దరు మగపిల్లలున్న తోడికోడలికి తన ఒక్కగానొక్క కూతురి మీద కూడా కన్నేనా?

అది చాలదన్నట్టు ఇప్పుడు ఆస్పత్రి వ్యవహారంలోనూ వేలు పెట్టింది. ఎవరో ఊరూ పేరూ తెలియని దాత ఇచ్చిన అండంతో పాప పుట్టింది. మిగిలిన మూడు పిండాల్ని ఆస్పత్రివాళ్లు గడ్డకట్టించి దాచారు. వాటిని మూలకణాల పరిశోధనకు ఇచ్చేయాలని చిన్నకోడలి పట్టుదల. దర్జీ పని చేసే ఆమె తండ్రి చేతుల వణుకుతో కత్తెర పక్కన పెట్టేశాడు. అలాంటి జబ్బులకే ఆ పరిశోధన.

“అవి ప్రాణాలే. చిదిమేస్తారటగా,” అంది పెద్దకోడలు.

“నీకెందుకక్కా ఆ బెంగ? గురువుగారినే అడుగుదాం పద.”

గురువుగారు తేల్చి చెప్పలేదు. “తొలిరోజు నుంచే జీవుడుంటాడని కొందరి మాట, తర్వాత ప్రవేశిస్తాడని కొందరిది. రోగి బాధ తీరుతుందంటే అదీ దానమేనన్న పెద్దలూ ఉన్నారు. ఇందులో తల్లి మనసే సాక్షి,” అన్నారు.

“విన్నావుగా, తల్లి మనసు,” అంది చిన్నకోడలు బయటికొస్తూ. పెద్దకోడలు మర్నాడు పాపను ఎత్తుకునే నెపంతో ఆస్పత్రికి వెంట వచ్చింది.

అక్కడ ఫైళ్లు చూసే ఆవిడ కాగితాలు తిరగేసింది. “మీ దంపతుల సంతకాలు సరిపోయాయి. అండం ఇచ్చినావిడ కూడా సంతకం పెట్టాలి. కబురు మేమే పెడతాం. పేరు మాత్రం మీకు చెప్పకూడదు.”

“చెప్పక్కర్లేదు. ఆవిడ కాదనదు లెండి,” అంది చిన్నకోడలు, తోడికోడలి వైపు ఓరగా చూస్తూ. “ఇచ్చింది, తన దారిన తను పోయింది. పిల్ల చుట్టూ తిరిగి మచ్చిక చేసుకోలేదు. మనసంటే అదీ.”

ఫైళ్లావిడ తల దించుకుంది.

పెద్దకోడలు భుజం మీద నిద్రపోతున్న పాపను సర్దుకుని, ఆ కాగితాన్ని వెనక్కి జరిపింది.

“ఆ సంతకం నేను పెట్టనమ్మా.”