మూడు ప్లస్సులు

రాతలో తప్పులుంటే సర్దుకుని చదవండి. నాకు వేగం లేదు. ఈ కాస్త రాయడానికే చలికాలమంతా పట్టింది.

“ఈ నంబరు ఎవరిది?” అడిగాడు కెప్టెన్ దెమ్యాన్.

“మా ఆవిడది సార్,” అన్నాడు అలదార్.

“పేరు?”

“మార్గిత.”

అది పాత మీటల ఫోన్. కెప్టెన్ బొటనవేలితో ఒక్కో సందేశం వెనక్కి తిప్పుతూ పోయాడు. ఎనిమిది నెలలవి ఉన్నాయి. ఒక్క దానిలోనూ మాట లేదు. ఇటునుంచి వెళ్లింది +. అటునుంచి వచ్చింది +.

బొగ్గు గుట్టకు అవతల శత్రువు, ఇవతల వీళ్ల కందకాలు. కందకంలో ఎవరైనా ఫోన్ వెలిగిస్తే గంట తిరక్కుండా అక్కడ గుండు పడేది. అందుకని ఫోన్లన్నీ వెనక ఊళ్లో, కెప్టెన్ ఉండే ఇంటి నేలమాళిగలో, ఖాళీ తూటాల పెట్టెలో ఉంచేవారు. సాయంత్రం ఒక్కొక్కరే వచ్చి ఇంటికి ఒక సందేశం పంపుకుని వెళ్లాలి. ప్లస్ పెట్టడం అక్కడ వింతేమీ కాదు. హాజరు అడిగితే అందరూ పెట్టేది అదే. ఉన్నాను, క్షేమం అని దాని అర్థం. కానీ కట్టుకున్న భార్యకు ఎనిమిది నెలలపాటు అదొక్కటే పంపినవాడు లేడు.

“నేనైతే మా ఆవిడతో రోజూ దీంట్లోనే పోట్లాడతాను సార్,” అన్నాడు తలుపు దగ్గర తుపాకీతో నిలబడ్డ లెవ్కో. “పోట్లాట లేని కాపురమేమిటి? అనుమానించాల్సిందే.”

“నువ్వాగు. పద్నాలుగో తేదీ సాయంత్రం మూడు ప్లస్సులు పంపాడు. ఆ రోజు మనకేం వచ్చాయి?”

“మూడు లారీలు సార్.”

“మర్నాడు పొద్దున?”

లెవ్కో చూపు గోడమీదికి పోయింది. మూడు లారీల్లో రెండు తగలబడ్డాయి. చనిపోయిన డ్రైవర్ స్తెపాన్ టోపీ ఇంకా ఆ నేలమాళిగ గోడకు మేకుమీదే వేలాడుతోంది.

“మూడంటే ఏమిటి అలదార్?”

“సెలవు దొరికిందని సార్. ఆ రోజే మీరు సంతకం పెట్టారు.”

“రెండంటే?”

“పార్సిల్ అందిందని. మేజోళ్లు, గసగసాల రొట్టె.”

“రొట్టె మాట నిజమే సార్, నేనూ తిన్నాను,” అన్నాడు లెవ్కో. “కాకపోతే రొట్టెతో పాటు ఇంకేం వచ్చేదో నాకేం తెలుసు?”

“సెలవు దొరికింది అని రెండు మాటలు రాయడానికి నీకేం రోగం?”

అలదార్ నేలకేసి చూశాడు.

“ఏమోయ్ టీచరమ్మ మొగుడా, చెప్పవేం!” అన్నాడు లెవ్కో. దళంలో చేరిన రోజు అలదార్ తన భార్య బడిలో పనిచేస్తుందని చెప్పాడు. టీచరమ్మా అని ఎవరో అడిగితే అవుననలేదు, కాదనలేదు. “మీ రోమా జిప్సీల వాడలో టీచరమ్మేమిట్రా అని ఆ రోజే అనుకున్నా. అబద్ధం అప్పుడే మొదలైంది సార్.”

అలదార్ చెవులు ఎర్రబడ్డాయి. ఏదో అనబోయి లెవ్కోను చూసి నోరు మూసుకున్నాడు. మెల్లగా వేరే మాట ఎత్తాడు. “సార్, ఎప్పటిలా ఒక్క ప్లస్ పంపించండి. పొద్దుగూకేలోగా అది అందకపోతే నేను పోయాననుకుంటుంది.”

“ఓహో, వేళ కూడా ముందే అనుకున్నారన్నమాట.”

కెప్టెన్ స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చున్నాడు. పైకి చదువుతూ మీటలు నొక్కాడు. “మీరెవరు? పేరు రాయండి.”

రెండు నిమిషాలకు ఫోన్ బల్లమీద బుర్రుమంది.

+

“పేరడిగితే ప్లస్సా?” అన్నాడు లెవ్కో.

కెప్టెన్ మళ్లీ రాశాడు. “అలదార్ మీ భర్తేనా?”

+

“చూశారా సార్!” అలదార్ ఊపిరి పీల్చుకున్నాడు. లెవ్కో కూడా తుపాకీ కాస్త దించాడు. కెప్టెన్ మాత్రం కళ్లు చిట్లించి ఆ గుర్తునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చాలా నిదానంగా రాశాడు. “లారీల సంగతి అవతలివాళ్లకు చెప్పింది మీరేనా?”

అలదార్ చివాల్న లేచాడు. “అది పంపకండి సార్! మీ కాళ్లు పట్టుకుంటాను!”

“తప్పు చేయనిది కాదంటుంది. నీకెందుకు భయం?”

మీట నొక్కాడు. పొయ్యిలో కట్టె చిటపటమంది. ముగ్గురూ ఫోన్‌కేసే చూస్తున్నారు. అది బుర్రుమంది.

+

“ఒప్పేసుకుంది,” అన్నాడు కెప్టెన్. “లెవ్కో, వీడి చేతులు కట్టు.”

లెవ్కో నడుం బెల్టు విప్పాడు. ఇప్పుడతని ముఖంలో వేళాకోళం లేదు. “నీ రొట్టె తిన్నాను కదరా,” అన్నాడు, కట్టు బిగిస్తూ.

“ఆమెకేమీ తెలియదు సార్,” అన్నాడు అలదార్.

“దొరికిన ప్రతివాడూ అనే మాటే అది. ఇంకేమైనా ఉంటే చెప్పు. దేశద్రోహమంటే నీ ఒక్కడితో పోదు, ఆమెనూ తీసుకుపోతారు.”

“ఇక్కడ చెప్పను. విచారించేవాళ్లకు చెబుతాను. వాళ్లకు మాత్రమే.”

మర్నాడు పొద్దున అతన్ని లారీలో పంపేశారు. ఫోన్ కెప్టెన్ దగ్గరే ఉండిపోయింది.

పదకొండు రోజుల తర్వాత ఇద్దరు అధికారులు దేశానికి పడమటి కొసన ఉన్న ఒక చిన్న ఊళ్లో బడి మెట్లెక్కారు. మార్గిత ఎవరని అడిగితే పిల్లలు నడవా చివరకు చూపించారు. అక్కడ బకెట్ పక్కన మోకాళ్లమీద కూర్చుని ఒకావిడ నేల తుడుస్తోంది. అప్పటికే మొగుడు పోయినదానిలా తలకు నల్లగుడ్డ కట్టుకుని ఉంది. యూనిఫాంలు కనబడగానే గోడ పట్టుకుని లేచింది.

“బతికే ఉన్నాడమ్మా,” అన్నాడు పెద్ద అధికారి గబగబా. “అతను చెప్పింది నిజమో కాదో చూడ్డానికి వచ్చాం. అతన్ని వదిలేయాలా, మిమ్మల్నీ తీసుకుపోవాలా అన్నది మీ చేతిలో ఉంది.”

కాగితం, కలం కిటికీ గట్టుమీద పెట్టాడు.

“ఇది చదివి, కింద మీ పేరు రాయండి.”

ఆమె తడిచేతులు నడుముకు కట్టుకున్న గుడ్డకు తుడుచుకుంది. కాగితాన్ని ఒకసారి ఇటు, ఒకసారి అటు తిప్పి చూసింది. కలాన్ని పిడికిట్లో పట్టుకుంది.

ఒక ప్లస్ గీసింది.

మార్గిత, అరవై ఒకటో ఏడు. అలదార్ ఇంటికి తిరిగొచ్చి చెప్పింది, అతను పోయాక ఉజ్గొరోద్‌లో, కూతురింట్లో రాశాను.