లేబుల్ లేని రికార్డులు

ఆ డ్రమ్ము మోగగానే మిరపకాయ్ చేతులు ఆగిపోయాయి.

డీజేల పోటీ, అదీ ఫైనల్. హాలు కిక్కిరిసి ఉంది. అవతలి టర్న్‌టేబుల్ దగ్గర నిండా పాతికేళ్ళు లేని ఓ పిల్ల, నిన్నగాక మొన్న రంగంలోకి దిగింది, తాపీగా రికార్డుని వెనక్కీ ముందుకీ తిప్పుతోంది. నాలుగు దెబ్బల డ్రమ్ము, చివర ఓ ఆడమనిషి నవ్వు. మళ్ళీ డ్రమ్ము, మళ్ళీ నవ్వు. జనం వెర్రెత్తిపోతున్నారు.

అది నాన్న దాచిపెట్టిన పాట ముక్క! నాన్నకీ తనకీ తప్ప మూడో కంటికి తెలియని ముక్క! తన వంతు వచ్చినప్పుడు వెయ్యాలని సంచిలో దాచి తెచ్చుకున్నదీ అదే.

ఇంకేం వేస్తుంది? చేతికందిన రికార్డేదో వేసింది. ఓడిపోయింది. కప్పు పోతే పోయింది, దాని గురించి కాదు ఆమె ఏడుపు. నాన్న చెప్పేశాడు. కన్నతండ్రే వెన్నుపోటు పొడిచాడు. అదీ ఆమె తట్టుకోలేనిది.

మిరపకాయ్ అన్నది నాన్న పెట్టిన ముద్దుపేరే. ముక్కు మీద కోపం కదా మరి! పగలంతా ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన, సాయంత్రమయ్యేసరికి హిప్‌హాప్ పిచ్చోడు. తల్లి లేని పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుని రికార్డులు తిప్పేవాడు. పక్కింటి పిల్లలు ఎక్కాలు వల్లిస్తుంటే ఈ పిల్ల బీట్లు లెక్కపెట్టేది. జ్వరమొచ్చినా, మోకాలు గీరుకుపోయినా ఆ నవ్వున్న రికార్డు వేస్తేనే ఏడుపు ఆపేది.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. కొత్త రికార్డు ఇంట్లోకి వచ్చిందంటే ముందు బకెట్‌లో నీళ్ళు పట్టాలి. మధ్యనున్న కాగితం లేబుల్ నానబెట్టి, బొటనవేలితో గీకి పారెయ్యాలి. కవరు చింపి చెత్తబుట్టలో వెయ్యాలి. ఏ పాటో, ఎవరు పాడారో తెలిస్తే పక్క డీజే పరిగెత్తుకెళ్ళి కొనుక్కోడూ?

"పాతకాలం డీజేలందరూ ఇదే చేసేవాళ్ళమ్మా. మన గుట్టు బయటపడిందంటే మన పని గోవిందా," అనేవాడు నాన్న.

ఆమె గీతల్ని బట్టి, బరువుని బట్టి రికార్డుల్ని గుర్తుపట్టడం నేర్చుకుంది. ముప్పై దాటినా, పేరున్న డీజే అయినా, ఇప్పటికీ అదే బకెట్టు, అదే గీకుడు. చూసినవాళ్ళు నవ్వితే నవ్వనీ, అది నాన్న మాట.

అలాంటి నాన్న! హాల్లోంచి తిన్నగా ఆయన షాపుకే వెళ్ళింది. ఆయన ఓ పాత ఫ్రిజ్ వెనక చతికిలబడి మంటతో గ్యాస్ పైపు అతుకుతున్నాడు.

"ఎవరికిచ్చావ్ నాన్నా?"

"ఏంటే?"

"నవ్వు రికార్డు. ఆ కొత్త పిల్ల వేసింది, అందరి ముందూ. నువ్వివ్వకపోతే ఆకాశంలోంచి ఊడిపడిందా?"

నాన్న ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో మంట ఆర్పడం కూడా మర్చిపోయాడు.

"దాని మీద లేబుల్ ఉందా?" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. "ఛీ! కూతురు ఓడిపోయి వస్తే నీకింకా లేబుల్ గొడవేనా? నా చేత మాత్రం ఒట్టు వేయించావే! ఇన్నేళ్ళు నోరు కుట్టుకుని కూర్చున్నానే! నిన్ను దేవుడనుకున్నాను కదయ్యా!"

"నేనెవరికీ ఇవ్వలేదమ్మా. నీ మీదొట్టు."

"నా మీద ఒట్లు పెట్టకు. ఆ పిల్లనే అడుగుతా."

"వద్దమ్మా. పోనీ, వదిలెయ్. వెళ్ళకు," అంటూ ఆయన లేవబోయాడు.

వద్దంటే ఆగే రకమా? నిర్వాహకుల దగ్గర అడ్రసు కనుక్కుని, మూడంతస్తులు ఒక్క ఊపున ఎక్కి కాలింగ్ బెల్ నొక్కింది. తలుపు తీసిన పిల్ల ఆమెని చూసి ఎగిరి గంతేసినంత పని చేసింది.

"అక్కా! మీరా! రండి రండి. నేను మీ వీరాభిమానిని తెలుసా?"

"అభిమానం సంగతి తర్వాత. ఆ రికార్డు నీకెవరిచ్చారు?"

"ఎవరో ఇవ్వడమేంటక్కా? మా ఇంట్లోదే. పాడింది మా అమ్మే! ఎప్పుడో కుర్రతనంలో ఒక్కటంటే ఒక్క రికార్డు చేసిందట. నాలుగు కాపీలు కూడా అమ్ముడుపోలేదని ఇప్పటికీ ఏడిపిస్తుంటాను. ఆ నవ్వు కూడా తనదే. స్నానం చేస్తోంది, వచ్చేస్తుంది. ఉండండి, రికార్డు చూపిస్తా."

మిరపకాయ్ సోఫాలో కూలబడింది. పోయిన ప్రాణం లేచొచ్చింది. నాన్న చెప్పలేదు! ఎవరికీ ఇవ్వలేదు! పాపం, ఆ పెద్దాయన్ని ఎన్నేసి మాటలంది! నోరా అది, తాటిమట్టా? గబగబా ఫోన్ కలిపింది. మొదటి రింగుకే ఎత్తాడు.

"నాన్నా, నీ తప్పేం లేదు. నన్ను క్షమించు. ఇంకెప్పుడూ నిన్ను అనుమానించను," అంది.

"ముందు అక్కణ్ణుంచి వచ్చెయ్యమ్మా," అన్నాడు నాన్న.

ఇంతలో ఆ పిల్ల రికార్డు తెచ్చి, "ఇదిగో అక్కా," అంటూ ఒళ్ళో పెట్టింది. లేబుల్ చెక్కుచెదరకుండా ఉంది.

'పాడినవారు' అన్న చోట, ఇంటిపేరుతో సహా, బడిలో చేరిన రోజు నుంచీ ప్రతి అప్లికేషన్‌లోనూ ముందు 'కీర్తిశేషులు' అని చేర్చి తను రాస్తూ వచ్చిన అమ్మ పేరుంది.