కళ్లజోడు కల్లు కాంపౌండు

వీఆర్ కళ్లజోడు పెట్టుకుంటే చాలు, ఎవరింట్లో వాళ్లమున్నా మేం ముగ్గురం ఒకే కల్లు కాంపౌండులో కూర్చుంటాం. కల్లుకు రుచుండదు గాని కబుర్లకు కొదవలేదు. ఇంట్లో మన చేతులు ఎలా కదిలితే అక్కడా అలాగే కదులుతాయి. చేతిలోని వస్తువు మాత్రం కనబడదు.

"మా ఇంట్ల నా మాటే నడుస్తది. నాకు పని చెప్పే ధైర్యం ఎవ్వలకున్నది?" అన్నాడు సాయిలు. అతని కుడిచెయ్యి గాలిలో గుండ్రంగా తిరుగుతోంది.

"గా గిన్నె ఇంకెంతసేపు తోముతవే?" అన్నాడు నర్సింలు.

"ముందుగాల్ల నువ్వు ఉల్లిగడ్డలు కోసుడు ఆపి మాట్లాడు!"

నా చేతుల్ని బల్ల కింద దాచుకుని, వెల్లుల్లి ఒలుస్తూనే పగలబడి నవ్వాను.

ఇంతలో ఎవరింట్లోంచో ఒక ఆడగొంతు ఖంగుమంది: "అయిందా, ఇంకా లేదా?"

"ఐపాయె, ఐపాయె!" అన్నాం ముగ్గురం ఒక్కసారే.