మా అమ్మ పేరుతో వచ్చిన పిల్ల

ఉత్తరాన మంచు సీమలోని మా ఊరి హాల్లో నేల మీద అట్టలు పరిచి, గడ్డకట్టిన చేపను కత్తితో చెక్కుతున్నాను. అవతల బల్ల మీద తెల్లవాళ్ళు మా నేల పటం పరుస్తున్నారు.

చాలా పెద్ద పటం. అందులో మా ఊరు ఈగ వాలినంత ఉంది.

"ఈసారి సమావేశం మీది, మేం అతిథులం. అందరం కలిసి పరిశోధన చేద్దాం" అని వాళ్ళ పెద్ద లింగార్డ్ దొర ముందే కబురు పంపాడు.

పోయినసారి వచ్చినవాళ్ళూ ఇంత తియ్యగానే మాట్లాడారు. చేపలు గుడ్లు పెట్టే వాగు చూపించమన్నారు, చూపించాం. ఇప్పుడు ఆ వాగు పక్కన గనివాళ్ళ విమానాలు దిగుతున్నాయి. వాగులో చేపలు లేవు.

అందుకే ఊరంతా కూర్చుని ఒక మాట అనుకున్నాం. ఏం అడిగినా చెబుదాం, కారిబూ జింకలు ఈనే చోటు మాత్రం చెప్పొద్దు. అది కూడా పోతే చలికాలం మా పిల్లలకి మాంసం ఉండదు.

అందరికంటే ముందు సరేనన్నది మా నాన్నే.

ఇంతలో లింగార్డ్ వెంట వచ్చిన దుభాషి పిల్ల టోపీ తీసింది. మా మనిషే, వేరే ఊరిది.

"నా పేరు అకిట్టిక్" అంది.

నా చెయ్యి ఆగిపోయింది. అది మా అమ్మ పేరు.

"ఈ ఊళ్ళో పోయినావిడ పేరే నాకు పెట్టారండీ. మా అక్కకి పురుడు పోసింది ఆవిడేనట. ఆవిడ చనిపోయిన చలికాలంలోనే నేను పుట్టాను."

మాలో పేరు వచ్చిందంటే మనిషి వచ్చినట్టే, చుట్టరికాలతో సహా.

అప్పుడు మా నాన్న మొహం చూడాలి! ముసలాయన కొత్త పెళ్ళికొడుకులా సిగ్గుపడిపోయాడు.

"వచ్చావుటే? ఇన్నాళ్ళూ ఎక్కడికి పోయావు? నా చేతి తొడుగులు ఎవరు కుడతారనుకున్నావు?"

హాలంతా గొల్లున నవ్వింది.

"ఉలయూ, మీ అమ్మొచ్చింది. ఇక నీ పెత్తనం సాగదు" అన్నాడు మా బావ నటాక్.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇన్ని ఊళ్ళుండగా ఏరికోరి ఈ పేరున్న పిల్లనే తెచ్చారా? ముసలాయన చేత నోరు విప్పించడానికా?

టీ పోసిచ్చాను. చక్కెర వద్దంది. మా అమ్మ పిడికెడు చక్కెర లేనిదే టీ ముట్టేది కాదు. దొరికావే దొంగా, అనుకున్నాను.

"మీకు నేను నచ్చలేదు కదండీ?" అంది మెల్లగా.

"నచ్చేదేముంది? జీతం తీసుకుంటున్నావు, నీ పని చూసుకో."

మావాళ్ళు ఒక్కొక్కరే పటం దగ్గరికి వెళ్ళారు. సముద్రంలో సీల్‌ జంతువులు దొరికే చోట్లు, మంచు పలచబడే చోట్లు, పాత గుడారాల అంచున పేర్చిన రాళ్ళు, అన్నీ చూపించారు. కారిబూలు ఈనే చోటు అడిగితే మా బావ రెప్పకూడా వెయ్యలేదు.

"అవి మాకు చెప్పి ఈనవు కదా దొరా" అన్నాడు.

నాన్న వంతు వచ్చింది.

లింగార్డ్ ఆ పిల్లతో ఏదో గొణిగాడు. ఆమె వచ్చి నాన్న ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"కారిబూలు ఎక్కడ ఈనుతాయో అడగమంటున్నారు."

నాన్న నాకేసి చూస్తాడేమోనని ఎదురుచూశాను. చూడలేదు. పెళ్ళానికి అబద్ధం చెప్పడం ఆయనకి ఎన్నడూ చేతకాలేదు. పైగా పోయినవాళ్ళ పేరు మోస్తున్న మనిషి అడిగితే కాదనడం మాలో ఎవరికీ చేతకాదు.

"నీకు తెలీదుటే?" అన్నాడు. "పెళ్ళయిన కొత్తలో మనిద్దరం గుడారం వేసుకున్నామే, చీలిన కొండ వెనకాల, ఆ చిత్తడిలోనే. రాత్రంతా దూడల అరుపులకి నువ్వు నిద్రపోలేదు కూడాను. ఇప్పటికీ అక్కడే ఈనుతాయి."

అయిపోయింది.

మా భాష రాని లింగార్డ్ కలం మూత తీశాడు.

"ఏమంటున్నాడు?"

పిల్ల నోరు తెరిచింది.

"అమ్మా!" అన్నాను.

నమ్మి పిలిచిన పిలుపు కాదు. ఎలాగైనా ఆపాలని పిలిచాను. కానీ గొంతు మాత్రం చిన్నప్పుడు చీకట్లో మా అమ్మని పిలిచిన గొంతే.

ఆ పిల్ల నన్ను చూసింది. నాన్నను చూసింది. తర్వాత లింగార్డ్ వైపు తిరిగింది. వాళ్ళ భాష నాకూ కాస్త వచ్చు.

"పెళ్ళయిన కొత్తలో సంగతులు చెబుతున్నాడండీ. మొగుడూ పెళ్ళాల మాటలు. అవి నేను చెప్పను."

లింగార్డ్ చెవులు ఎర్రబడ్డాయి. నవ్వేసి, కలం మూత పెట్టేశాడు.

అందరూ తిండి దగ్గరికి చేరారు. నేను ఆ పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకి లాగాను.

"రేపు విమానం ఎక్కాక చెబుతావా?"

"ఆ మాట ఆయన దుభాషికి చెప్పలేదు. నాకు చెప్పాడు."

"నిన్ను నమ్మమంటావా?"

"నమ్మకపోతే పోనీ" అంది. మీరు, అండీ అనడం ఎప్పుడు మానేసిందో గాని, "అందరికీ పెడుతూనే ఉన్నావు, పొద్దున్నుంచీ నీ నోట్లో ఒక్క ముక్క పడలేదు. ముందు కూర్చుని తిను" అంది.

నమ్మకం మాత్రం ఇంకా కుదరలేదు. కూర్చుని తిన్నాను.